నిప్పు ఇవ్వని ఇల్లు

మా నాన్నకి ఒక అలవాటు ఉండేది. పొలం నుంచి వచ్చినా, సంత నుంచి వచ్చినా తిన్నగా ఇంట్లోకి జొరబడేవాడు కాదు. గుమ్మం బయట నిలబడి ఒక్క దగ్గు దగ్గేవాడు. అది రోగం దగ్గు కాదు, వచ్చానని చెప్పే దగ్గు. లోపల్నుంచి అమ్మ "రా" అంటేనే అడుగు లోపల పెట్టేవాడు. "నీ ఇంట్లోకి రావడానికి నీకు పర్మిషన్ ఏంటి నాన్నా?" అని నేను వెక్కిరిస్తే, "ఇల్లు నాను కట్టినాను గానీ గుంటా, పొయ్యి మీయమ్మది. పొయ్యెవులిదో ఇల్లూ ఆల్లదే" అనేవాడు.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆ దగ్గు మాత్రం ఆగలేదనేది అమ్మ. రోజూ కాదు, మామిడి పిందె పడ్డప్పటి నుంచి కాయ ముదిరేదాకా. తెల్లారగట్ల లేచి పొయ్యిలో బూడిద కదిపే వేళకి గుమ్మం బయట వినిపించేదట. చేతిలో పుల్ల చేతిలోనే ఉండిపోయి, వెలుగొచ్చేదాకా అలా కూర్చునేదట. "రా అంటే వచ్చీసీవోడే గుంటా. నోటిదాకా వచ్చి ఆగిపోతాది మాట" అని చెప్పింది ఒకసారి. నేను నమ్మలేదు. నేను జి.మాడుగులలో ఒక బడిలో సోషల్ చెప్తాను, సెలవులకి ఊరెళ్తాను. ఆ ఇంట్లో ఎన్నో తెల్లవారుజాములు మేలుకునే ఉన్నాను, నాకెప్పుడూ ఏమీ వినపడలేదు. "ఏ మేకో దగ్గి ఉంటుందిలే అమ్మా" అన్నాను. "మీ నాన్న దగ్గుకీ మేక దగ్గుకీ తేడా తెల్దేటి నాకు?" అని కసిరింది.

"రా" అనడానికి ఆవిడకి అడ్డేమిటో చెప్పాలి. మా ఊరు పెదబయలు అవతల కొండ మీద. మా వైపు ఏ పంటకైనా ముందు పండగ, తర్వాతే నోరు. ఆ పండగనే కొత్త అంటాం: చిక్కుడు కొత్త, కొర్ర కొత్త, మామిడి కొత్త. ఊరికి మంచిరోజు చూసి చెప్పే దిసారి ఉంటాడు. ఆయన రోజు పెట్టేదాకా చెట్టు కింద రాలిన కాయని పిల్లలు కూడా ముట్టుకోరు. మామిడి కొత్త రోజున ప్రతి ఇంట్లోనూ కొత్త కాయ వేసి వండి, అడ్డాకులో పెట్టి, తమ పొయ్యిలోంచి తీసిన నిప్పు మీద గుగ్గిలం వేస్తారు. ఆ పొగలో, ఆ ఇంట్లో చనిపోయినవాళ్లని పేరుపేరునా పిలుస్తారు. పిలిచినవాళ్లు వచ్చి తింటారు. పిలవనివాళ్లు బయటే నిలబడతారు. కొత్తగా పోయిన మనిషినైతే మొదటిసారి అతని సొంత పొయ్యి నిప్పుతోనే పిలవాలి. అప్పుడే ముందు పోయినవాళ్లలో కలుస్తాడు, లేకపోతే ఎవరిలోనూ కలవడు. నేనేదో క్లాసులో చెప్పినట్టు చెప్తున్నాను గానీ, మా ఊళ్లో ఇది పాఠం కాదు, భయం.

మా అమ్మ చర్చి మనిషి. నాకు ముందు ఇద్దరు పుట్టి పోయారు. నేను పుట్టాక, ఇంకా పాకుతుండగానే, నాకూ జ్వరం పట్టుకుందట. కోడి అయింది, మేక అయింది, చెట్టుమందులయ్యాయి. దిగలేదు. అప్పుడు కొండ కింద మిషన్ చర్చివాళ్లు వచ్చి ప్రార్థన చేస్తే, అమ్మ నన్ను ఒళ్లో వేసుకుని వాళ్ల దేవుడికి మాటిచ్చింది. ఈ పిల్ల బతికితే నీకు తప్ప ఇంకెవరికీ మొక్కను, పొగ వెయ్యను, చచ్చినవాళ్లని పిలవను, పిలిచేవాళ్లకి చెయ్యందివ్వను అని. పొద్దున్నకి జ్వరం తగ్గింది. ఇక అంతే, ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు.

ఏటా చర్చిలో సాక్ష్యం చెప్పేది. చెప్తున్నంతసేపూ నన్ను ముందు నిలబెట్టేది. అందరూ నావైపు చూసి స్తోత్రం అనేవాళ్లు, సంతలో కుండని తిప్పి చూసినట్టు చూసేవాళ్లు. పదో తరగతి దాకా భరించాను. "నేనేమన్నా పందెంలో గెలిచిన కోడినా? ఇంక నన్ను నిలబెట్టకు" అని ఒకరోజు గొడవకి దిగితే మానేసింది. నిలబెట్టడం మానేసింది గానీ మాట మానలేదు.

నాన్న మాత్రం బాప్తిస్మం తీసుకోలేదు. "మాటిచ్చింది నువ్వు, నువ్వెల్లు. నాను నా ముసలోల్లని ఒగ్గీలేను" అన్నాడట. అలాగని ఇంట్లో కూర్చున్నాడా? ప్రతి ఆదివారం అమ్మని చర్చికి తీసుకెళ్లింది ఆయనే. మధ్యలో గెడ్డ, అంటే వాగు, దాటాలి. వానాకాలం గెడ్డ పొంగితే కర్రతో లోతు చూసుకుంటూ తను ముందు దిగి, అమ్మ చెయ్యి పట్టుకుని దాటించేవాడు. చర్చి బయట బండ మీద కూర్చుని చుట్ట కాల్చుకునేవాడు. పాస్టరుగారు స్వయంగా వచ్చి పిలిచినా లోపలికి రాలేదు. ఆరాధన అయ్యి అమ్మ బయటికొస్తే, "అయిపోనాయా మీ దేవుడితో కబుర్లు? ఆకలేత్తంది, బేగి నడు" అనేవాడు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. పెళ్లాం వెనకాల తిరుగుతున్నాడని ఊళ్లో ఎవరైనా ఎగతాళి చేస్తే, "అది మాట తప్పే మనిసైతే నాను సేసుకుందునేటి?" అనేవాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహంలో ఎంత గర్వం ఉండేదో! నేను చూశాను.

ఆ మనిషే చివరికి ఆవిడని ఒకటి అడిగాడు. ఊపిరితిత్తుల జబ్బు ముదిరి, ఆస్పత్రివాళ్లు ఇంటికి తీసుకెళ్లిపొమ్మన్నారు. మధ్యాహ్నం పూట అమ్మ గ్లాసుతో నీళ్లు పడుతోంది. నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను. నాన్న గ్లాసు పక్కకి జరిపి, "మామిడి కొత్తకి ఒక్కపాలి నా పేరు పిలు. గట్టిగా అక్కర్లేదు. మెల్లగన్నా ఇంటాను" అన్నాడు.

నేను అమ్మని కళ్లతోనే బతిమాలాను, ఊ అను, పోయేదేముంది, చచ్చిపోతున్న మనిషి దగ్గర ఒక్క ఊ అను అని. ఊహూ. గ్లాసు అలాగే పట్టుకుని కూర్చుంది, నీళ్లు చీర మీద ఒలికాయి. తన దేవుడి దగ్గర మాట తప్పదు, మొగుడి దగ్గర అబద్ధమాడదు. ఇంకేం చెప్తుంది? నాన్న ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసి, "పోన్లే" అన్నాడు. సాయంత్రానికి పోయాడు.

నాకు ముక్కు మీద కోపం. ఆవిడతో చాలా రోజులు మాట్లాడలేదు. ఆవిడ మొండితనం అనుకున్నాను, దేవుడంటే భయం అనుకున్నాను, అసలు నాన్నంటే ప్రేమే లేదనుకున్నాను. కాదు. చర్చి లెక్కలో నాన్న బాప్తిస్మం లేకుండా పోయాడు, ఊరి లెక్కలో పిలుపు లేకుండా పోయాడు. రెంటికీ కాకుండా పోయాడన్న బెంగ ఆవిడని లోపల్నుంచి తినేసింది. కాఫీ గింజలు చెరుగుతూ చెరుగుతూ చేట ఆపేసి, "ఎక్కడున్నాడే మీ నాన్న?" అని అడిగేది. పక్క గదిలో ఉన్న మనిషి గురించి అడిగినట్టు అడిగేది.

మొదటి ఏడు మామిడి కొత్త రోజు పొద్దున్నే చిన్నాన్న, అంటే నాన్న తమ్ముడు, చేతిలో కుండపెంకు పట్టుకుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"వదినా, నువ్వేటీ సెయ్యక్కర్లేదు. పొగ నానేత్తాను, పేరు నానే పిలుత్తాను. నిప్పొక్కటి ఇయ్యి."

"ఇయ్యలేను నాయనా."

"నిప్పే కదా. ఊళ్లో ఎవులడిగినా ఇత్తావు."

"ఎందుకడుగుతన్నావో తెలిసీ ఎలాగిత్తాను?"

చిన్నాన్న అరుగు మీద కూర్చుని, అమ్మ ఇచ్చిన టీ తాగి, ఖాళీ పెంకుతో వెళ్లిపోయాడు. మళ్లీ ఏడాది వచ్చాడు. ఆ తర్వాత ఏడాదీ వచ్చాడు. అదే అడగడం, అదే లేదనడం, అదే టీ. ఆయన భార్య మాత్రం వీధిలో నిలబడి మా ఇంటి వైపు చేతులు తిప్పి తిట్టేది. మామిడి రోజుల్లో పొద్దు వాలితే మా గుమ్మం ముందు నుంచి ఎవరూ నడిచేవాళ్లు కాదు, పశువుల్ని కూడా వెనక దారిన తోలుకెళ్లేవాళ్లు. "ఆ గుమ్మం కాడ మనిసున్నాడు" అని పిల్లలకి చెప్పేవాళ్లు. నా చిన్నప్పటి స్నేహితురాలు కూడా నన్ను చూడాలంటే కొళాయి దగ్గరికి రమ్మని కబురుపెట్టేది గానీ ఇంటికి వచ్చేది కాదు. నేను నవ్వేసేదాన్ని. ఒంటరిగా ఇంటికి తిరిగొచ్చేటప్పుడు మాత్రం గుమ్మం దగ్గర కాస్త పక్కకి జరిగి లోపలికెళ్లేదాన్ని, ఎవరికో దారిచ్చినట్టు.

ఒకసారి చిన్నాన్నకి నేనే సలహా ఇచ్చాను. "అమ్మ సంతకెళ్లినప్పుడు వచ్చి తీసుకుపో చిన్నాన్నా, ఎవరు చూస్తారు?" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "దొంగ నిప్పుతో పిలిత్తే ఎవులొత్తారో ఎవులికి తెలుసు? రోజూ ఆ నిప్పు కప్పెట్టే సెయ్యే ఇయ్యాల" అన్నాడు. "ఇవ్వదని తెలిసి మరి ఏటా ఎందుకొస్తావు?" అంటే, "నిప్పున్నంతకాలం అడగొచ్చు గదా" అన్నాడు.

నిప్పు మాత్రం ఉండేది. అది నాన్న ఇల్లు కట్టిన రోజు వెలిగించింది. పొగ పడట్లేదని నేను గ్యాస్ స్టవ్ కొనిపెట్టాను, దాని మీద టీ కాచేది, అన్నం కూడా వండేది. అయినా పడుకునేముందు పొయ్యిలో నిప్పు బూడిదలో కప్పెట్టడం, తెల్లారి లేచి ఊది రాజేయడం మానలేదు. ఇవ్వనూ ఇవ్వదు, ఆరిపోనూ ఇవ్వదు. ఇదెక్కడి మనిషిరా దేవుడా అని తల కొట్టుకునేదాన్ని.

ఒక ఏడాది నాకు తిక్క రేగింది. చిన్నాన్న వచ్చి అడిగాడు, అమ్మ లేదంది. నేను లేచి, పట్టకారుతో ఒక నిప్పు కణిక తీసి ఆయన పెంకులో పెట్టబోయాను. పుట్టి బుద్ధెరిగాక నా మీద చెయ్యెత్తని అమ్మ, ఒక్క ఉదుటున వచ్చి నా మణికట్టు పట్టేసుకుంది. కణిక నేల మీద పడింది. ఆవిడ దాన్ని ఉత్త వేళ్లతో తీసి మళ్లీ పొయ్యిలో వేసింది. 

"నీ పేనం మీదకి తెత్తావేటే! ఎవులి కోసం ఇచ్చినాననుకున్నావు ఆ మాట?"

"నన్ను బతికించమని నేనడిగానా?" అని అరిచాను.

"నువ్వడగలేదు. నానడిగినాను. ఇచ్చినాడు. తీసుకున్నాక మాట తప్పమంటావా?" కాలిన వేళ్లు నోట్లో పెట్టుకుని తీసింది. "ఆయన్ని పిలిత్తే నువ్వు పోతావేమోనని బయం. పిలవకపోతే ఆయన బయటుంటాడు. సదువుకున్నదానివి, నువ్వే సెప్పు. ఎవుల్ని ఒగ్గీమంటావు?"

దేవుడు అలాంటివాడు కాదమ్మా అన్నాను. మాట తప్పితే పిల్లల్ని లాక్కుపోయే దేవుడైతే ఆయనకి మొక్కడం దేనికి అన్నాను. ఇద్దరు బిడ్డల్ని పూడ్చుకున్న మనిషికి చెప్తున్నానన్న సంగతి అన్నాక గుర్తొచ్చింది. ఆవిడ "నీకేటి తెలుసు" అంది. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ముద్ద నోట్లో పెట్టుకుంటే, నేను లోపల తింటున్నందుకు ఒకాయన బయట పస్తున్నాడనిపించేది. నమ్మకం లేదని ఎంత అనుకున్నా ముద్ద దిగేది కాదు.

ఆ నెలలోనే పాస్టరుగారు విధేయత గురించి ప్రసంగం చేస్తూ మా అమ్మని చూపించారు. ఎన్ని మాటలు పడ్డా దేవుడికిచ్చిన మాట మీద నిలబడింది, ఇలాంటివాళ్ల మీదే ఆయన దయ ఉంటుంది అన్నారు. అమ్మ తలెత్తలేదు. బయటికొచ్చాక ఆయన్ని ఆపి, "ఆ దయ ఎక్కడుందండీ? మా నాన్న సంగతేంటి?" అని కడిగేశాను. మంచి మనిషి ఆయన. నాన్న కూర్చునే బండ వైపు చూశారు. "అది తెలిస్తే నీకంటే ముందు మీ అమ్మకే చెప్పేవాణ్ణి కదమ్మా" అన్నారు. నా కోపమంతా ఎటు పోయిందో, ఏడుపొచ్చింది.

పోయిన ఏడాది అమ్మకి బాగా జబ్బు చేసింది. జ్వరం, నీరసం, నాలుగు ముద్దలు తింటే గొప్ప. సెలవు పెట్టి వెళ్లాను. మామిడి రోజులు. దగ్గు ఇప్పుడు ఆగకుండా వినిపిస్తోందని చెప్పింది. నా చెయ్యి పట్టుకుని, "ఈ ఏడు ఇచ్చీత్తానేమో గుంటా. నా మనసు నా సేతిలో లేదు" అంది. ఆవిడ కళ్లలో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. నాకు మాత్రం, నిజం చెప్పొద్దూ, ప్రాణం లేచొచ్చింది. ఇన్నేళ్లకి ఇస్తుంది, ఈ గోల తీరిపోతుంది అనుకున్నాను.

పండగ రోజు పొద్దున్నే బిందె పట్టుకుని కొళాయికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఇల్లంతా తడి బూడిద వాసన. అమ్మ పొయ్యి ముందు కూలబడి ఉంది, పక్కన ఖాళీ నీళ్లకుండ. పొయ్యి నిండా నల్లటి బురద. నాన్న వెలిగించిన నిప్పు! 

"ఏం చేశావమ్మా!"

నావైపు చూడలేదు. తన దేవుడితో, గోడకవతల మనిషితో మాట్లాడినట్టు, మామూలు గొంతుతో అంది. "నాను పిలవలేదు. నిప్పియ్యలేదు. నీకేటి మాటిచ్చినానో అదే సేసినాను. ఈ గుంటని తప్ప నిన్ను ఇంకేటీ అడగలేదు ఇన్నేల్లూ. ఇప్పుడడుగుతన్నాను. ఆయన్ని పిలవడానికింక ఎవులూ లేరు, నిప్పూ లేదు. నువ్వే పిలు. పేరు నీకు తెలుసు."

అప్పుడు కూడా ఆ పేరు ఆవిడ నోటితో అనలేదు.

కాసేపటికి చిన్నాన్న వచ్చాడు. ఆయనా ముసలివాడైపోయాడు, మెట్టెక్కడానికి ఆయాసపడ్డాడు. అడగడానికి నోరు తెరిచి పొయ్యి వైపు చూశాడు. పెంకు పక్కన పెట్టి, చతికిలబడి, ఆ బురదలో చెయ్యి పెట్టి తడిమాడు. ఎక్కడైనా వెచ్చగా తగులుతుందేమోనని వెతికాడు. "ఎంత పని సేసినావొదినా" అని పసిపిల్లాడిలా గట్టిగా ఏడ్చాడు. అమ్మ లేచి, స్టవ్ వెలిగించి, ఆయనకి టీ పెట్టింది. ఆయన ఏడుస్తూనే తాగాడు.

ఆ మర్నాటి నుంచి అమ్మకి దగ్గు వినపడలేదు. ఒకరోజు చూసింది, రెండ్రోజులు చూసింది. తర్వాత ఆవిడ మొహమే మారిపోయింది. కంచం ఖాళీ చేస్తోంది, పెరట్లో పాటలు పాడుకుంటోంది, పిలిచి పిలిచి నా తలకి నూనె రాస్తోంది. "పిలిచినాడు గుంటా. నా మాట ఇన్నాడు" అంది. ఆదివారం చర్చిలో, నాన్న పోయాక మొదటిసారి, సాక్ష్యానికి లేచింది. దేవుడు నన్ను దయచూశాడు, నేనడిగింది ఇచ్చాడు అని రెండే మాటలు చెప్పి కూర్చుంది. ఏమిచ్చాడని ఎవరూ అడగలేదు. నా పక్కనున్నావిడ, "మీ అమ్మ మొగం సూడు, కొత్త పెళ్లికూతురిలాగున్నాది" అంది. నిజమే, అలాగే ఉంది. నాకు కుళ్లు కూడా పుట్టింది.

సెలవు అయిపోయింది. బయల్దేరే రోజు చీకటితోనే లేచి బ్యాగు సర్దుకున్నాను. మొదటి జీపు అందుకోవాలి. అమ్మ పడుకునే ఉంది. తలుపు గడియ మీద చెయ్యి వేశాను.

బయట ఎవరో దగ్గారు. ఒక్కసారి.

మేక కాదు. మా నాన్న దగ్గు నాకు తెలియదా? వచ్చాను, రమ్మంటే వస్తాను అనే ఆ దగ్గు. "రా" అని అనాలని నాలుక దాకా వచ్చింది. అననని నేను ఎవరికీ మాటివ్వలేదు కూడా. వెనక్కి తిరిగి చూస్తే అమ్మ కళ్లు తెరుచుకుని నన్నే చూస్తోంది.

"ఏటే, అలాగ నిలబడిపోనావు?"

"ఏం లేదమ్మా."

"ఏటైనా ఇనబడ్నాదేటి?"

"లేదు."

"నాకూ ఇనబడ్లేదు." మోచేతి మీద లేచి కూర్చుంది. ఇన్నేళ్లలో మొదటిసారి ఆవిడ గొంతు నన్ను బతిమాలింది. "పిలిచీసినాడు కదే? పిలవకపోతే, నాను సేసిందంతా ఏటి మరి?"

బయట మళ్లీ దగ్గు వినిపించింది. అమ్మ నా మొహం వైపే చూస్తోంది.

"పిలిచాడమ్మా" అన్నాను. మొహంలో ఏమీ కదలనివ్వలేదు.